పద్మనాభంగారి గాలివాటం

మా హైస్కూలు తనిఖీకి వచ్చిన అధికారి, బడి వదిలే వేళకు వరండాలో నిలబడి ఆవులించారు. సరిగ్గా అప్పుడే మా తెలుగు మాస్టారు అనంతపద్మనాభంగారు చొక్కాజేబులోంచి చిటికెడు దూది తీసి, వేళ్ళతో విడదీసి, గాలిలోకి వదిలారు. దూది తూర్పునుంచి పడమరకు వెళ్ళింది. అధికారి పడమర వైపు ఉన్నారు. ఆయన నోరు మూసేసరికి దూది లోపలుంది. పద్మనాభంగారు తృప్తిగా తలూపి, "సముద్రగాలేనండీ, బయల్దేరొచ్చు" అని లెక్కల మాస్టారినైన నాతో చెప్పి సైకిలు స్టాండు తీశారు. ఈ విషయం రిపోర్టులో ఏ శీర్షిక కింద రాయాలో తేలక అధికారి రాయలేదు.

అనంతపద్మనాభంగారు ఎదురుగాలికి సైకిలు తొక్కరు. ఆయన గురించి తెలుసుకోవాల్సింది ఇంతే, తక్కినవన్నీ దీని పిలకలు. గాలి వెనకనుంచి తోస్తే ఎక్కుతారు, ముందునుంచి కొడితే దిగుతారు. మేం ఉండేది అద్దంకిలో, బడి తూర్పున పక్క ఊళ్ళో. పొద్దున పడమటి గాలి మమ్మల్ని బడికి తోలేది, సాయంత్రం సముద్రగాలి ఇంటికి తోలేది. గాలి తిరగబడిన రోజున బుడే టీకొట్లో కూర్చుని, అది పడిపోయేదాకా టీలు తాగేవాళ్ళం. "గాలి తిరిగిందా సార్?" అని బుడే అడుగుతుంటే అతని గొంతులో, వాన కోసం చూసే రైతు ఆశ వినిపించేది.

ఒకసారి ఆయన భార్య బాలత్రిపురసుందరిగారు కందిపప్పు తెమ్మని బజారుకు పంపారు. తోడు నేనూ వెళ్ళాను. బజారు మొగదలే గాలి ఎదురొచ్చింది. ఆయన దూది వదిలారు, చూశారు, సైకిలు తిప్పేశారు. ఆ గాలి మమ్మల్ని తోసుకుంటూ పోయి మార్టూరులో దింపింది. తిరుగు గాలి లేక, సైకిళ్ళతో సహా రాళ్ళ లారీ ఎక్కి దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరాం. ఆయన చేతిలో పాలిష్ పట్టిన రాతిపలక ఉంది.

"పప్పేదండీ?"

"గాలి మార్టూరు వైపుంది సుందరీ. అక్కడ రాయే దొరుకుతుంది."

ఆవిడ రాయిని చూశారు, నన్ను చూశారు, లోపలికెళ్ళి చారు పెట్టారు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. నాకు ఆయాసం. మామూలుగా బాగానే తొక్కుతాను. గాలి ఎదురైతే మాత్రం కాసేపటికే రొమ్ములో పిల్లికూతలు మొదలవుతాయి. ఇది బయటపడితే ఏమవుతుందో నాకు తెలుసు. స్టాఫ్ రూములో నా కుర్చీ ఫ్యాను కిందికి జరుగుతుంది. "పాపం, లెక్కల మాస్టారికి..." అని గొంతులు తగ్గుతాయి. ఆ 'పాపం' కంటే ఆయాసమే నయం. అందుకని గొలుసు ఊడిందని దిగేవాణ్ణి, పత్తి పూత చూద్దామని ఆగేవాణ్ణి. దగ్గొస్తే మిరపఘాటు మీదికి తోసేవాణ్ణి. మిరపకాయలు ఎండే రోజుల్లో మా వైపు దగ్గని మనిషినే అనుమానించాలి. కనక పద్మనాభంగారి పిచ్చి నా పాలిట వరం. అయినా ఆ పిచ్చికి అందరితోపాటు నేనూ నవ్వేవాణ్ణి, అందరికంటే గట్టిగా.

ఎనభై నాలుగులో మా డ్రిల్లు మాస్టారు బాలస్వామికి ఒక ఊహ పుట్టింది. గుండ్లకమ్మ ఏటి వెంబడే సైకిళ్ళమీద సముద్రం దాకా పోవాలి. అక్కణ్ణుంచి కొత్తపట్నంలో వాళ్ళక్క ఎలీసమ్మ ఇంటికి చేరి చేపల పులుసు తినాలి. పద్మనాభంగారికి విడిగా పప్పు. వచ్చేటప్పుడు సైకిళ్ళు బస్సు టాపు మీద. శివరాత్రి సెలవులకు ముందే ముగ్గురం బుడే కొట్లో సమావేశమయ్యాం. బాలస్వామి బల్లమీద టీ ఒలికించి, వేలితో లాగి నదిని గీశాడు. ఖాళీ గ్లాసులు ఊళ్ళయ్యాయి.

"ఇదిగో అద్దంకి, అదిగో సముద్రం. తెల్లారి బయల్దేరామా, పొద్దుగూకేసరికి పులుసు."

"ఐదు రోజులు," అన్నారు పద్మనాభంగారు.

"దేనికీ, పులుసు ఉడకడానికా?"

"చేరడానికి. సముద్రగాలి లేచేదాకా తొక్కుతాం. లేచాక పడుకుంటాం."

"బస్సులో రెండు గంటల దారి మాస్టారూ! వింటే ఆ గుండ్లకమ్మే నవ్వుతుంది."

"నది వెంట పోయేటప్పుడు నదిలాగే పోవాలయ్యా. గుండ్లకమ్మ ఏనాడన్నా పరిగెత్తిందా?"

"పరిగెత్తడానికి దాంట్లో నీళ్ళుంటేగా!"

ఇంతలో బుడే గుడ్డ తెచ్చి నదిని తుడిచేశాడు.

శివరాత్రి వచ్చింది. మూటలు కట్టాం. పద్మనాభంగారు దూది వదిలి, అది పోయిన దిక్కు చూసి, "ఊహూఁ" అన్నారు. మూటలు విప్పాం. మరో వారం కట్టాం, మళ్ళీ ఊహూఁ. బాలస్వామికి కాలు నిలవడం లేదు. రోజూ సైకిలుకు నూనె పెట్టీ పెట్టీ ప్యాంటు కాళ్ళు నిగనిగలాడుతున్నాయి. ఊరుకోలేక గాలి కొట్టీ కొట్టీ ఒక ట్యూబు పేల్చేశాడు. పిల్లల చేత మైదానం చుట్టూ పరుగులు పెట్టించి, వాళ్ళు ఆగిపోయాక కూడా తనే తిరుగుతున్నాడు. కొత్తపట్నంనుంచి కబుర్లు వస్తూనే ఉన్నాయి. మొదట పులుసు అన్న ఎలీసమ్మ, తర్వాత ఇగురు అంది, ఆ తర్వాత చేపలు ఎండబెట్టేశానంది.

ఎండుచేపల కబురు అందిన సాయంత్రం బాలస్వామి బల్ల గుద్దాడు. బుడే గ్లాసులు ఎగిరిపడ్డాయి.

"శుక్రవారం! దూది ఎటన్నా పోనీండి. ఒక్కరోజులో తొక్కేస్తాం. గాలికి భయపడేవాళ్ళు బస్సెక్కి రండి. ఏమంటారు లెక్కల మాస్టారూ? ఈ గాలిపిచ్చికి పగలబడి నవ్వేది మీరేగా?"

ఇద్దరూ నా వంక చూశారు.

"ఒక్కరోజే," అన్నాను. అన్నది నోరే, రొమ్ముకు సంబంధం లేదు. పద్మనాభంగారు చల్లారిపోయిన టీ తాగేశారు.

శుక్రవారం గట్టెక్కడానికి ఏవన్నా మాత్రలు దొరుకుతాయేమోనని, ఆదివారంనాడు ఎవరికీ చెప్పకుండా ఒంగోలు డాక్టరు దగ్గరికి వెళ్ళాను. మధ్యాహ్నం తిరుగు బస్సెక్కాను. సముద్రగాలి బస్సును వెనకనుంచి తోస్తోంది. గుండ్లకమ్మ వంతెన మీదికి వచ్చేసరికి, ఆ గాలికి ఎదురుగా ఒకాయన పంచె ఎగ్గట్టి, సీటు మీంచి లేచి, పెడళ్ళమీద నిలబడి, పద్యం అందుకుని దూసుకొస్తున్నాడు. ఎద్దుబండిని దాటాడు. మోపెడ్‌ను దాటాడు. మోపెడ్ ఆసామీ తన బండికేమైందోనని దిగి చూసుకున్నాడు.

అనంతపద్మనాభంగారు! గుడ్డు కూడా ముట్టని మనిషిని బిర్యానీ హోటల్లో చూసినట్టయింది నాకు.

బస్సు దిగి తిన్నగా వాళ్ళింటికే పోయాను.

"అక్కయ్యగారూ, ఆయన ఎదురుగాలికి తొక్కుతున్నారు!"

సుందరిగారు వడియాలు పెడుతూ తలెత్తలేదు. "ఎప్పుడూ తొక్కుతారుగా తమ్ముడూ. పక్కన నువ్వు లేకపోతే ఆయనకు గాలి ఊసే ఉండదు."

"మరి ఇవాళ ఎక్కడికి?"

"గట్టు వెంట. ప్రతి ఆదివారం అదే పని. మీరు ఆగే ఊళ్ళలో మిరపకాయల కళ్ళాలు ఎత్తేశారో లేదో చూసొస్తారు. ఆ ఘాటు నీకు పడదుగా. అవి ఎత్తేదాకా, దూది ఎటు పోయినా ఊహూఁ అనడమేనన్నారు."

"నాకు పడదని ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి? నువ్వు బదిలీ మీద వచ్చిన కొత్తలో రోజూ గొలుసు ఊడిందని దిగేవాడివట. చూస్తే అది ఉండాల్సిన చోటే ఉండేదట."

"మరి ఆ మార్టూరు రాయి?"

"దానికేం, వడియాల పిండి దాని మీద బాగా మెదుగుతోంది."

మర్నాడు బుడే కొట్లో బాలస్వామి మళ్ళీ టీ ఒలకబోస్తుంటే, ఊపిరి బిగబట్టి చెప్పేశాను. "బాలస్వామీ, నాకు ఆయాసం. ఎదురుగాలికి తొక్కలేను. ఐదు రోజులైతేనే వస్తాను."

బాలస్వామి వేలు బల్లమీద ఆగిపోయింది. ఇక 'పాపం' వస్తుందని తలవంచుకున్నాను.

"ఆ ముక్క ముందే ఏడవొచ్చుగా మాస్టారూ!" అని అరిచాడు. "చేపలన్నీ ఎండబెట్టేసింది మా అక్క!" తర్వాత నది మధ్యలో ఇంకో గ్లాసు పెట్టాడు. "ఐదెందుకు, ఆరు చేద్దాం. ఇదిగో, ఈ ఊరి దగ్గర ఇసకలో పుచ్చకాయలు పండిస్తారు."

పద్మనాభంగారు గ్లాసులకేసి చూస్తూ, "ఆ ఊళ్ళో కళ్ళం ఇంకా ఉంది. మంగళవారం ఎత్తేస్తారు" అన్నారు, వాతావరణం చెప్పినట్టు.

ఆ కళ్ళం కూడా ఎత్తాకనే బయల్దేరాం. వెనకనుంచి పడమటి గాలి, పక్కన సన్నగా గుండ్లకమ్మ. బాలస్వామి ముందుకు దూసుకుపోవడం, ఊరుకోలేక మళ్ళీ మా దగ్గరికి రావడం, అలా మా దారిని రెండుసార్లు తొక్కాడు. పుచ్చకాయల ఊరు చేరాం. సముద్రగాలి లేవగానే సైకిళ్ళు దిగి ఇసకలో కూర్చున్నాం. కాయలు బేరమాడటానికి బాలస్వామి అటు వెళ్ళగానే నేను పద్మనాభంగారిని పట్టుకున్నాను.

"పద్మనాభంగారూ, ఇన్నేళ్ళూ ఊరంతా మిమ్మల్ని పిచ్చివాడంది. వాళ్ళతో కలిసి నేనూ నవ్వాను. నా కోసమేనని మొదట్లోనే ఒక్క మాట చెబితే మీ సొమ్మేం పోయేదండీ?"

"చెబితే ఆ మర్నాటినుంచీ మీరు ఎదురుగాలికి తొక్కి చూపించేవారండీ."