ఎలియాజరుకు పేరు పడింది

పదకొండేళ్లలో బత్తుల ఎలియాజరు కెనడా కెమెరాల ముందు నాలుగుసార్లు చచ్చాడు, ఆరుసార్లు కొట్టు దోపించుకున్నాడు, ఎన్ని టాక్సీలు నడిపాడో ఆయనకే గుర్తులేదు. సినిమా చివర పేర్లు పడేటప్పుడు కుర్చీలు మోసినవాడి పేరు పడేది, హీరోయిన్ కుక్కను తిప్పినవాడి పేరు పడేది. ఎలియాజరు పేరు మాత్రం పడేది కాదు. "కుక్కపాటి చెయ్యలేదన్నమాట మనం" అని టీవీ కట్టేసి, మర్నాడు పొద్దున్నే మిస్సిసాగా ఎయిర్‌పోర్టు పక్కనున్న వేర్‌హౌస్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడపడానికి పోయేవాడు.

ఆయనేం అల్లాటప్పా నటుడు కాదు. నరసాపురంలో ఉపదేశి గారి అబ్బాయి. క్రిస్మస్ నాటకంలో పదిహేనేళ్లు వరుసగా హేరోదు రాజు వేషం కట్టాడు. ఆయన గుడ్లురిమితే ముందు వరసలో పిల్లలు తల్లుల కొంగుల్లో దూరేవారు. అవే గుడ్లు ఇక్కడ ఉరిమితే తెల్లవాళ్లు పొట్ట పట్టుకుని నవ్వారు. "ఫన్నీ ఐజ్!" అని మురిసిపోయింది మొదటిరోజు ఒక కాస్టింగ్ అమ్మాయి. రాజును బఫూన్ని చేశారు కదరా అని కుమిలిపోయాడు. కుమిలిపోయి, మళ్లీ పిలిస్తే మళ్లీ వెళ్లాడు. ఏ రోటి దగ్గర ఆ పాట.

ఆ సినిమావాళ్లంటే ఆయనకున్న చులకన ఇంతా అంతా కాదు. మిషన్ స్కూల్లో దొరసాని దగ్గర నేర్చుకున్న ఇంగ్లీషు ఆయనది. శుభ్రంగా మాట్లాడతాడు. అలా మాట్లాడితే ఇండియావాడిలా లేదన్నారు. యోగా కోసం మూడు వారాలు రిషికేశ్‌లో ఉండొచ్చిన గ్వెల్ఫ్ ఊరి పిల్ల ఒకతెను పెట్టి, ఇండియావాళ్లు ఇంగ్లీషెలా మాట్లాడతారో నేర్పించారు. పాతికేళ్ల పిల్ల యాభై నాలుగేళ్ల నరసాపురంవాడికి తల ఊపడం నేర్పింది!

"తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే" అన్నాడు ఇంటికొచ్చి.

భార్య జ్ఞానసుందరి కేర్ హోమ్‌లో పనిచేస్తుంది. రోజంతా ముసలివాళ్లను లేపి కూర్చోబెట్టి వచ్చిన మనిషికి ఈయన గోల వినే ఓపిక ఎక్కడుంటుంది? "అంత చీదరైతే మానెయ్యొచ్చుగా. మిమ్మల్నెవరు బతిమాలారు?" అంది.

"మానేస్తే వాళ్లను తిట్టే ఛాన్సెక్కడిదే?"

అదీ అసలు సంగతి. ప్రతి డైరెక్టరూ ఎక్కడో ఒకచోట, "ఇక్కడ మీ భాషలో ఏదో ఒకటి అరిచెయ్" అనేవాడు. ఏ భాష అని అడిగిన పాపాన పోయినవాడు లేడు. ఎలియాజరు గుడ్లురిమి, చేతులు తిప్పి, సరాసరి ఆ డైరెక్టరు మొహంలోకి చూస్తూ, "ఓరి దిక్కుమాలినోడా! నీ సినిమా తగలెయ్య! నీ చేతికి కెమెరా ఇచ్చినోణ్ణి అనాలి ముందు!" అని రంకెలేసేవాడు. డైరెక్టరు చప్పట్లు కొట్టి "వండర్‌ఫుల్!" అనేవాడు. ఆ ముక్కలు తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తిరిగాయి. ఎలియాజరు ఊరందరికీ ‘తిట్ల అంకుల్’ అయ్యాడు. తెలుగు సంఘం ప్రెసిడెంటు వీరభద్రం గారు ఉగాదికి స్టేజీ ఎక్కించి శాలువా కప్పారు. కప్పి, మైకులో "మన ఏలియా గారు" అన్నారు. శాలువా కప్పేవాడికి పేరు చూసుకునే తీరిక కూడా లేదు!

ఇన్ని వేషాలూ వేసినవాడికి కావలసింది ఒక్కటే. నాన్న ప్రార్థన చేసి, బైబిలు తిరగేసి పెట్టిన పేరు తెరమీద పూర్తిగా, అక్షరం పొల్లుపోకుండా పడాలి. ఒక్కసారి పడితే చాలు. కొడుకు ఆరన్ వాంకూవర్ నుంచి ఫోన్ చేసినప్పుడు ఈ మాట చెబితే, "డాడ్, ప్లీజ్, ఇట్స్ ఎంబరాసింగ్" అన్నాడు. మళ్లీ వాడి దగ్గర ఎత్తలేదు.

ఇంతలో స్టూడెంట్లు వచ్చిపడ్డారు. బస్సెక్కితే వాళ్లే, కాఫీ షాపు కౌంటరు వెనక వాళ్లే, వేర్‌హౌస్‌లో నైట్ షిఫ్టుకీ వాళ్లే. ఎలియాజరుకు వాళ్లను చూస్తే ఒళ్లు మండేది. ఆదివారం చర్చి నుంచి రాగానే వంటింట్లో కూర్చుని మొదలుపెట్టేవాడు. "మిడతల దండులా దిగారు. ఒక్కో బేస్‌మెంట్లో పదిమందట! మేం వచ్చినప్పుడు ఇలాగే వచ్చామా?" ఇలాగే వచ్చాడు. ఒషావాలో ఆరుగురితో ఒక్క గదిలో, ఒక్క స్టవ్‌తో ఏడాదిన్నర ఉన్నాడు. ఆ ముక్క జ్ఞానసుందరి గుర్తుచేస్తే, "అది వేరు" అనేవాడు.

అంత ఒళ్లు మండేవాడు తన బేస్‌మెంటు ఇద్దరు స్టూడెంట్లకే ఇచ్చాడు. ఖమ్మం నుంచి వచ్చిన తేజశ్రీ, ఆమె స్నేహితురాలు చాందిని. తేజశ్రీ మాటకు ముందొక అంకుల్, వెనకొక అంకుల్. "అంకుల్, ఆ టాక్సీ సీన్ల తిట్టు ఇంకోసారి చెప్పరా అంకుల్, మా ఫ్రెండ్స్‌కి రికార్డ్ చేసి పంపుతా!" అని వెంటపడేది. స్నో పడితే ఆయన లేవకముందే దారి తోసేది. పప్పుచారు పెడితే గిన్నెడు పైకి తెచ్చేది. ఆయన సినిమాలన్నీ వరుసగా చూసింది ఈ భూమ్మీద ఆ పిల్ల ఒక్కతే. "మిడతల్లో ఇది కాస్త నయం" అని ఎలియాజరు ఒప్పుకున్నాడు.

రెండువేల ఇరవైమూడు అక్టోబరులో పెద్ద వేషం వచ్చింది. టీవీ కామెడీ సిరీస్. బేస్‌మెంట్లో స్టూడెంట్లను కుక్కి పెట్టే పిసినారి ఓనరు. మాటలున్నాయి, చివర పేరు పడుతుంది. కాస్టింగ్ ఆవిడ ఫోన్ చేసి, అంతా మాట్లాడి, ఆఖర్న గొణిగింది. "ఎలియాజర్... ఇది ఇండియన్ పేరులా లేదండీ. జనం నమ్మరు. ఆథెంటిక్‌గా ఉండే పేరేదైనా పెట్టుకుంటారా?"

పదకొండేళ్ల అక్కసు ఒక్కసారి పొంగింది. "మూడు తరాలుగా మా ఇంట్లో ఇలాంటి పేర్లేనమ్మా! నరసాపురం కంటే ఆథెంటిక్ ఇండియా ఎక్కడుందో చెప్పు! అదే పేరు పడాలి. లేదంటే ఇంకోణ్ణి చూసుకోండి."

ఆవిడ దిగొచ్చింది. ‘ఎలియాజర్ బత్తుల’ అని ఈమెయిల్ పంపింది. ఎలియాజరు దాన్ని ప్రింటు తీసి ఫ్రిజ్‌కి అంటించాడు. చాలినంతమంది ఇండియన్ స్టూడెంట్లు కూడా కావాలన్నారు కాబట్టి, తేజశ్రీ తన కాలేజీవాళ్లను పదిమందిని పోగుచేసింది. "అంకుల్ పక్కన యాక్టింగ్!" అని ఎగిరి గంతేసింది. ఆయనే కార్లో ఆమెనూ చాందినినీ ఎక్కించుకుని నాలుగువందల ఒకటి హైవే మీద ఒషావాకు డ్రైవ్ చేశాడు.

అక్కడొక పాత ఇంట్లో షూటింగు. భోజనాలప్పుడు ఎలియాజరు పక్కన పోస్ట్‌మ్యాన్ వేషంలో ఒక నల్లజాతి పెద్దాయన కూర్చున్నాడు. నోవా స్కోషియావాడు. మాటల్లో వాళ్ల తాత అన్నగారి సంగతి చెప్పాడు. మూగ సినిమాల రోజుల్లో అమెరికా పోయి కామెడీ వేషాలు కట్టాడట. దయ్యాన్ని చూసి గుడ్లు తేలేసే నౌకరు, కోడిని దొంగిలించే నౌకరు, ఎప్పుడూ నౌకరే. తెరమీద సొంత పేరు వెయ్యలేదు, కుక్కకు పెట్టే పేరొకటి తగిలించారట. "మావాళ్లను కింద కూర్చోనిచ్చేవారు కాదు, పైన బాల్కనీలో కూర్చుని చూసేవారట. కింద అందరూ నవ్వేవారు. బాల్కనీలో ఎవరూ నవ్వేవారు కాదని మా తాత చెప్పేవాడు" అన్నాడు.

"పాపం, చేతకానివాడు. నా పేరు నాకు పడుతోంది" అనుకున్నాడు ఎలియాజరు, కేకు ముక్క నోట్లో వేసుకుంటూ.

మధ్యాహ్నం సీను మొదలైంది. నేలమీద వరుసగా పరుపులు, పరుపుకు ఇద్దరు చొప్పున పన్నెండుమంది పిల్లలు. ఎలియాజరు తలుపు తోసుకుని వచ్చి వాళ్లను తిట్టాలి. మూతిమీద మీసం సరిగ్గా మొలవని డైరెక్టరు, పెరుగు డబ్బా నాకుతూ, "ఇక్కడ మీ భాషలో ఏదో ఒకటి అరిచెయ్" అన్నాడు.

ఎలియాజరు అలవాటు ప్రకారం అటే చూస్తూ అందుకున్నాడు. "ఓరి పెరుగు మొహమోడా! నీ బొంద డైరెక్షను!" అంతే, పన్నెండుమందీ గొల్లున నవ్వారు. తేజశ్రీ పరుపుమీద దొర్లింది. పదకొండేళ్లలో మొదటిసారి సెట్టులో ఆయన మాట అర్థమైన జనం ఉన్నారు మరి!

"కట్! వీళ్లు నిన్ను చూసి వణకాలి, నవ్వడమేంటి? నిజంగా తిట్టు. ఈసారీ ఇలాగే అయితే ఈ సీను తీసేస్తాను" అన్నాడు డైరెక్టరు. సీను పోతే వేషం పోతుంది. వేషం పోతే ఫ్రిజ్ మీది పేరు అక్కడే ఉండిపోతుంది.

రెండో టేకు. ఆయన తలుపు తోశాడు. హేరోదు గుడ్లురిమాడు. ఏం తిట్టాలో వెతుక్కోనక్కర్లేకపోయింది. ఆదివారం ఆదివారం వంటింట్లో వల్లించిన పాఠం నాలిక చివర సిద్ధంగా ఉంది.

"సిగ్గుందా మీకు? చదువులా మీవి? కాలేజీ గుమ్మం ఎటుందో తెలుసా? మిడతల్లా దిగి, పందుల్లా పదిమంది ఒక గదిలో దొర్లుతూ, మా పరువంతా బురదలో కలిపారు! మీ మొహాలు చూసి మేం తెలుగువాళ్లమని చెప్పుకోవాలంటే తల కొట్టేసినట్టుంది! పోండి! వచ్చిన విమానమే ఎక్కి పోండి!"

ఎవరూ నవ్వలేదు. చాందిని దుప్పటి మొహం మీదికి లాక్కుంది. తేజశ్రీ రెప్ప వెయ్యకుండా ఆయన వంకే చూసింది.

"పర్ఫెక్ట్!" అని డైరెక్టరు పెరుగు డబ్బా ఎత్తి ఊపాడు.

తిరుగు ప్రయాణానికి ఆడపిల్లలిద్దరూ ఫ్రెండ్స్‌తో ట్రెయిన్లో వస్తామన్నారు. "మంచిదేలే, ట్రాఫిక్కు ఎక్కువ" అనుకున్నాడు ఎలియాజరు. నోరా వీపుకు తేకే అన్నారు పెద్దలు. వీపుమీద దెబ్బ పడ్డదన్న సంగతే ఆయనకు తెలియలేదు. ఆ తర్వాత స్నో పడిన రోజుల్లో దారి తనే తోసుకున్నాడు, పిల్లలకు పరీక్షలేమో అనుకున్నాడు.

ఫిబ్రవరిలో ఒక శనివారం సాయంత్రం ఆ ఎపిసోడ్ వచ్చింది. జ్ఞానసుందరి ఆడపిల్లలను పైకి పిలిచింది. పని ఉందన్నారు. టీవీలో ఎలియాజరు గుడ్లురిమాడు. వెనకనుంచి జనం పగలబడి నవ్విన చప్పుడు. అంత తిట్టుకీ తెర అడుగున మూడు ముక్కలు పడ్డాయి: విదేశీ భాషలో అరుపులు. ఈ దేశంలో ఆ తిట్టు ఎవరికి అర్థమైందో వాళ్లకే తగిలింది. చివర్న పేర్లు వచ్చాయి. ఎలియాజర్ బత్తుల. అక్షరం పొల్లుపోలేదు. ఆయన లేచి నిలబడి ఫోన్లో ఫొటో తీశాడు.

అప్పుడే మెట్లమీద అడుగులు వినబడ్డాయి. తేజశ్రీ వచ్చి తలుపు దగ్గరే నిలబడింది.

"చూశావా అమ్మా? పడింది!" అన్నాడు, ఫోన్ చాపి.

"ఎలియాజరు గారూ, మార్చి ఆఖరుకి రూమ్ ఖాళీ చేస్తున్నం. బ్రాంప్టన్‌ల దొరికింది."

"అదేంటమ్మా? ఉన్నట్టుండి... అంకుల్ అనడం కూడా మానేశావు?"

"పేరు పడింది కదండీ" అంది తేజశ్రీ. గొంతులో కోపం లేదు. కోపమున్నా బాగుండేది. "మీ వంటింట్ల ఆ వేడిగాలి గొట్టం ఉంది కదా, మీరు పైన ఏమన్నా మాకు కింద వినబడతది. మొదటి ఆదివారం నుంచి వింటున్నం. ఆంటీ మీద కోపమేమో, ఊకె అంటున్నరేమో అనుకున్న. షూటింగుల తెలిసింది, ఒక్క ముక్క కూడా మార్చలే మీరు."

మెట్లు దిగి వెళ్లిపోయింది. ఇన్నేళ్లకు ఒకరు ఆయన పేరు తప్పులేకుండా, మర్యాదగా, నిండుగా పలికారు. ఆ పలుకు చెంపమీద కొట్టినట్టుంది. మింగలేక, కక్కలేక, ఆఖరికి తెలిసిన విద్యకే దిగాడు.

"చూశావా దీని పొగరు! ఇలాంటి వాళ్లనే నేను..."

జ్ఞానసుందరి టీవీ కట్టేసింది. వంటింట్లోకి వెళ్లి, నేలమీదున్న గాలి గొట్టం జాలీని కాలితో చూపించింది.

"అనండి. ఇంకాస్త గట్టిగా అనండి. కింద ఇంకా ఉన్నారు."