పదకొండు సున్నాలు

నూట నలభై ఎనిమిది లాంగు నోటుబుక్కులు. ఒక్కోటి రెండు వందల పేజీలు. మొదటి ఆకు మీద వార్డు పేరు తప్ప ఏమీ రాయరు కాబట్టి బుక్కుకు రెండు పేజీల చొప్పున తీసేస్తే, ఇరవై తొమ్మిది వేల మూడు వందల నాలుగు పేజీలు. వాటితో పాటు పురికొసతో టేబుళ్ళకు కట్టి ఉంచిన ఎర్ర పెన్నులు నాలుగు, వార్డుకొకటి. మొన్న శనివారం ఏలూరులో మా ఆసుపత్రి వెనక సందులోకి కాగితాలు ముక్కలు చేసే మిషను వ్యాను వచ్చి, గంటన్నరలో పుస్తకాలన్నింటినీ సేమ్యాలా చేసి పట్టుకుపోయింది. అప్పగించినట్టు సంతకం పెట్టింది నేనే. రెండుసార్లు లెక్కపెట్టి మరీ పెట్టాను. పెన్నులు మాత్రం ఎవరు తీశారో తెలియదు.

వాటిని హ్యాండోవర్ బుక్కులు అనేవారు. పొద్దున ఎనిమిదికి, మధ్యాహ్నం రెండుకి, మళ్ళీ రాత్రి ఎనిమిదికి డ్యూటీ దిగే సిస్టరు ఒక్కో మంచం సంగతీ రాసి, ఎక్కే సిస్టరు చేతికిచ్చేది. కాగితం గొప్పదని నేననను. ఆకివీడు నుంచి వచ్చిన ఒకాయన జబ్బేమిటో ఆయన భార్య కంటే ముందు పక్క మంచం వాళ్ళ బావమరిదికి తెలిసింది, టేబుల్ మీద పుస్తకం తెరిచి ఉండబట్టి. ఇంకోసారి టీ ఒలికి రెండు మంచాల సంగతి ఒకటైపోయింది. అందుకే సిస్టర్లకు టాబ్లెట్లు ఇచ్చి, ఎవరి పాస్‌వర్డు వాళ్ళకు పెట్టి, అంతా కంప్యూటర్లోకి మారుద్దామన్నప్పుడు నాకు సంతోషమే కలిగింది. నేను పెద్ద చదువు చదవలేదు. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో బస్తాలు లెక్కపెడుతూ లెక్కలు నేర్చుకున్నాను, కంప్యూటరు కూడా అలాగే తప్పులు చేస్తూ నేర్చుకుని ఈ ఆసుపత్రి రికార్డు గదిలో చేరాను. కొత్త పద్ధతిలో ఏ గడులు ఉండాలో తేల్చే పని నాకప్పగిస్తే, నా అంత వాణ్ణి నేనే అనుకున్నాను.

గడులు ఎనిమిదికి మించకూడదన్నాడు సాఫ్ట్‌వేరు కంపెనీ మనిషి. నేను పది పుస్తకాలు ముందేసుకుని, సిస్టర్లు ఏ విషయం ఎన్నిసార్లు రాశారో వరసగా గీతలు గీసి లెక్కకట్టాను. జ్వరం, బీపీ, సెలైను, మూత్రం, నొప్పి పదికి ఎంత, ఇలాంటివి అన్ని పేజీల్లోనూ ఉన్నాయి. మార్జిన్లో ఎర్ర సిరాతో రాసిన మాటలు మాత్రం వందకు రెండు వరసల్లోనే కనిపించాయి. అవి ఎక్కువగా మా పెద్ద సిస్టరు గారు రాసినవే. 'మూడో మంచం, మాత్ర వేసుకున్నామంటారు, తలగడ కింద చూడండి.' 'ఏడు, కూతురు ఫోను చేస్తే గాని అన్నం ముట్టరు.' అన్నింటికన్నా ఎక్కువగా వచ్చింది ఒకటే మాట: 'ఈవిణ్ణి మూడుసార్లు అడగాలి.'

మా వైపు వాళ్ళకు దాన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. విస్తరి ముందు కూర్చున్నప్పుడు మొదటిసారి 'చాలండి' అంటే చాలని కాదు, మర్యాద. రెండోసారి 'అబ్బే, వద్దండి' అన్నా అంతే. మూడోసారి అడిగితే వచ్చేదే నిజం. పెద్ద సిస్టరు గారిది కొల్లేటి పక్క ఊరే. తాతల కాలం నుంచీ చర్చికి వెళ్ళే కుటుంబం. ఆవిడ మంచం దగ్గర నిలబడి మూడుసార్లు అడిగి, అప్పుడు రాసేవారు.

ఆ ఎర్ర సిరా మాటలకు గడి ఉంచడం లేదని చెబితే ఆవిడ కళ్ళజోడు పైనుంచి నన్ను చూశారు.

"ఏవండీ లెక్కల మాస్టారూ, తక్కువసార్లు వచ్చిందని తీసేస్తారా అండీ? ఫైరింజను రోజూ రాదు గదండీ, అలాగని ఆ నంబరు చెరిపేస్తామా?"

"వందకు రెండేనండీ."

"ఆ రెండింట్లో ఒక మంచం మీద మీవాళ్ళుంటే?"

నవ్వేసి, ఎనిమిది గడుల జాబితా కంపెనీకి పంపేశాను. టాబ్లెట్లు వచ్చిన నెలలోనే ఆవిడ రిటైరయ్యారు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు మా పెద్దమ్మ మా ఆసుపత్రిలోనే చేరింది. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. కొల్లేటి లంకలో ఉంటుంది. చేపలు బాగుచేస్తూ జెల్ల ముల్లు తొక్కింది, ఉన్న షుగరు దానికి తోడైంది. సోమవారం పొద్దున పుండు శుభ్రం చేసి కట్టు కట్టిన డాక్టరు గారు, "నొప్పి పెరిగితే వెంటనే చెప్పాలి, లేకపోతే శుక్రవారం దాకా విప్పం" అన్నారు. అంటే షుగరున్నవాళ్ళకు జ్వరం కూడా రాకపోవచ్చు కాబట్టి, లోపల చీము పాకితే బయటికి తెలిసే దారి నొప్పి ఒక్కటే.

"అమ్మమ్మగారూ, నొప్పి పదికి ఎంతండీ?" అని డ్యూటీ సిస్టరు షిఫ్టుకోసారి అడిగేది. మంచి పిల్ల, ఏనాడూ మరిచిపోలేదు.

"ఏం లేదమ్మా. నువ్వెళ్ళు, అవతల ఆవిడ పిలుస్తోంది."

సున్నా. సోమవారం రెండు, మంగళ, బుధ, గురువారాల్లో మూడేసి, మొత్తం పదకొండు సున్నాలు. నేను రోజూ వెళ్ళేవాణ్ణి. పెద్దమ్మ ముఖం కంటే ముందు టాబ్లెట్లో అంకె చూసి, తేలిగ్గా ఊపిరి తీసుకునేవాణ్ణి. "పర్లేదురా, నీ పని చూసుకో పో" అనేది. ఒక్కసారి అడిగి వెళ్ళిపోయేవాణ్ణి. ఆవిడ చేతి అన్నం తిన్నవాణ్ణి, నాకూ తట్టలేదు.

శుక్రవారం కట్టు విప్పిన డాక్టరు గారు వెంటనే ఆపరేషన్ థియేటరు సిద్ధం చెయ్యమన్నారు. ముందే తెలిసుంటే పాదం దక్కేదా అని అడిగితే, "దక్కేదేమో. చెప్పలేమండి" అన్నారు. మధ్యాహ్నానికి చీలమండ పైదాకా తీసేశారు. కంప్యూటర్లో ఎవరి తప్పూ లేదు. అడగాల్సిన ప్రతిసారీ అడిగారు, చెప్పింది చెప్పినట్టు నమోదైంది. ఆ ఎర్ర సిరా మాటలకు ఒక గడి పెట్టమని కంపెనీకి నాలుగు ఉత్తరాలు రాశాను. "వచ్చే వర్షన్లో చూద్దాం సార్" అంటున్నారు. పెద్ద సిస్టరు గారి రాతను వాళ్ళకు చూపించడానికి ఒక్క పుస్తకం ఉంచుకుంటానంటే, రోగుల వివరాలు బయట ఉండకూడదని ఆసుపత్రివాళ్ళు అన్నారు. ఆ నిబంధన కావాలని మీటింగులో చెయ్యెత్తినవాళ్ళలో నేనూ ఉన్నాను.

వ్యాను వచ్చి వెళ్ళిన మర్నాడు, ఆదివారం, లంకకు వెళ్ళాను. పెద్దమ్మ అరుగు మీద కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ఆ నాలుగు రోజులూ నిజంగా ఎంత నొప్పి ఉండేదో చెప్పమన్నాను.

"ఏం లేదురా."

రెండోసారి అడిగాను.

"ఎప్పటి మాటో. వదిలెయ్."

మూడోసారి అడిగాను. చేతిలో కాయను ఈనె తీయకుండానే గిన్నెలో వేసింది.

"లెక్కలోడివి గదరా, నీకు తోచింది వేసుకో."

రోజుకు మూడు షిఫ్టుల చొప్పున కాలం ఎవరికీ అప్పజెప్పకుండానే వెళ్ళిపోతోంది. ఆ పదకొండు సున్నాల చోట వేయాల్సిన పదకొండు అంకెలు మాత్రం నేను ఆవిడకు ఈనాటికీ బాకీ.