అమ్మమ్మ వ్యాసం, మారయ్య మాస్టారి పేచీ

అమ్మమ్మ పేరు వసుంధర. ఆమెను సింగపూర్ తీసుకొచ్చింది మనవల్ని చూసుకోవడానికి. గుంటూరులో ఆడపిల్లల కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి చెప్పి గొంతు అరిగిపోయి రిటైరైన మనిషి, ఇకనైనా కాలు మీద కాలేసుకుని కూర్చుంటుందిలే అని కూతురు శ్రీలేఖ ఊరించి మరీ తెచ్చింది. హౌగాంగ్ ఫ్లాట్‌లో ఆ రెండు కాళ్ళకూ కూర్చునే యోగం పట్టలేదు. ఐటీ కంపెనీలు మన దేశం నుంచి విమానాల నిండా మనుషుల్ని దింపుకుంటున్న ఏళ్ళవి. శ్రీలేఖా, అల్లుడు భరద్వాజ్ బ్యాంకులకు ప్రోగ్రాములు రాయడానికి పొద్దున్నే రైలెక్కితే మళ్ళీ ఏ వేళకో గూటికి చేరేవాళ్ళు. వంట, బట్టలు, పిల్లల స్కూలు బస్సు, వాళ్ళ అలకలు, అన్నీ అమ్మమ్మవే. మధ్యాహ్నం గిన్నెలు తోమి బోర్లించాక మిగిలే కాస్త ఖాళీలో ఎవరైనా నడుం వాలుస్తారు. అమ్మమ్మ అల్లుడి పాత కంప్యూటర్ ముందు కూర్చుని, కోడి గింజలు ఏరుకున్నట్టు, రెండు వేళ్ళతో ఇంగ్లీషులో ఒక వ్యాసం టైపు చేసేది.

ఆ వ్యాసం ఆ ఇంట్లో ఇంకో మనవడు. అందరికంటే మొండివాడు. ఎంత పెట్టినా ఒళ్ళు చేయడు, ఎంత జోకొట్టినా నిద్రపోడు.

అందులో సంగతి మారయ్య మాస్టారు. అమ్మమ్మకు ఎనిమిదో తరగతిలో సోషలు చెప్పినాయన. అమెరికాలో, ఆఫ్రికాలో నల్లజాతి ఆలోచనాపరులు రాసినవి ఎక్కడెక్కడి నుంచో సంపాదించి, తెలుగులోకి మార్చి, సైక్లోస్టైల్ తీసి ఆ రోజుల్లో పంచేవారు. మార్చి ఊరుకునే రకం కాదు. కింద తన పేచీ కూడా రాసేవారు. అయ్యా, మిమ్మల్ని చూడగానే వెలివేస్తారు, మమ్మల్ని ముందు ఇంటిపేరు అడిగి ఆ తరవాత వెలివేస్తారు, ఆ అడిగే క్షణం సంగతి మీకు తెలియదు, మేం బతికేదంతా ఆ క్షణంలోనే అని. ఆ కాగితాల మీద తన పేరు మాత్రం ఉండనిచ్చేవారు కాదు. పేరు చూశారంటే చదవకుండానే పక్కన పడేస్తారని. ఆయన దగ్గరే చదువుకున్న అమ్మమ్మకు కూడా అవి మాస్టారు రాసినవని, తాను లెక్చరర్ అయ్యాక గానీ తెలియలేదు.

దాదాపు నలభై ఏళ్ళుగా ఆ పేచీ తెలుగులోనే ఉండిపోయింది. ఎవరితో పెట్టుకున్నారో వాళ్ళకు ఈ భాష రాదు. ఇప్పుడు మాస్టారికి ఎనభై దాటాయి, చూపు పోయింది, గుంటూరులో కూతురు రాధ దగ్గర ఉంటున్నారు. సింగపూర్ బయలుదేరే ముందు అమ్మమ్మ వెళ్ళి, మీ మీద వ్యాసం రాస్తున్నానని చెబితే ఆయనేమీ పొంగిపోలేదు.

"నా మీద రాస్తే నాకేం ఒరుగుద్దమ్మా. వాళ్ళేమంటారో కనుక్కో. ఒక్క జవాబు వింటే చాలు," అన్నారు.

ఆ ఒక్క జవాబు కోసమే అమ్మమ్మ నడుం విరగ్గొట్టుకుంటోంది. మొదట పంపిన చరిత్ర పత్రిక ఇది సాహిత్యం కదా అంది. తరవాత పంపిన సాహిత్య పత్రిక ఇది చరిత్ర కదా అంది. ఇంకో చోట నుంచి ఉలుకూ లేదు పలుకూ లేదు. మనవరాలు భువన ఊరుకుంటుందా? "అమ్మమ్మా, సో లాంగ్ ఆల్రెడీ. మా స్కూల్ ప్రాజెక్ట్ కూడా టూ వీక్స్ ఓన్లీ లా," అనేది. అమ్మమ్మ దాన్ని కొట్టడానికి చెయ్యెత్తి, ఓపిక లేక దించేసేది.

అలాంటప్పుడు గీతాంజలి తగిలింది. వరంగల్ అమ్మాయి. ఇక్కడ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తూ బుకిట్ బటోక్‌లో గది అద్దెకు తీసుకుని ఉంటోంది. తెలుగువాళ్ళ ఉగాది కార్యక్రమంలో పులిహోర వరసలో పరిచయమైంది. నల్లజాతి వాళ్ళ ఆలోచనల చరిత్రకే అచ్చంగా ఒక పత్రిక ఉందని, ఆ ఆలోచనలు ఏ దేశంలో ఎవరితో తలపడినా అది వాళ్ళకు కావలసిన సంగతేనని చెప్పింది.

ఒక ఆదివారం ఇద్దరూ హాకర్ సెంటర్‌లో, తిండి దుకాణాలన్నీ ఒకే కప్పు కింద ఉండే చోట, కలిశారు. టేబుల్ చోప్ చేసుకోవడానికి, అంటే ఇది మాది అని ఆపుకోవడానికి, అందరూ టిష్యూ ప్యాకెట్ పెడితే, అమ్మమ్మ తన వ్యాసం పెట్టి కాఫీ తేవడానికి వెళ్ళింది. వచ్చేసరికి దాని మీద ఎవరిదో చేపల పులుసు గిన్నె కూర్చుని ఉంది. పోనీలే, ఒకరికైనా పనికొచ్చింది అనుకుంది. మరక తుడిచాక గీతాంజలి పత్రిక నియమాలు వివరించింది. వ్యాసం ఎవరు రాశారో దాన్ని పరిశీలించేవాళ్ళకు తెలియకూడదు. పరిశీలించేది ఎవరో మనకూ తెలియదు. ఇది మా మాస్టారి పద్ధతే కదా అని అమ్మమ్మ ముచ్చటపడింది. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు వ్యాసంలో ఎక్కడెక్కడ తన ఆనవాలు ఉందో వెతికి తీసేసింది. పత్రిక వెబ్‌సైట్‌లో ఖాతా తెరుస్తుంటే, మీ సంస్థ ఏది అన్న గడి దగ్గర బండి ఆగింది. ఇండిపెండెంట్ స్కాలర్ అని పెట్టమంది గీతాంజలి.

"నేనా ఇండిపెండెంటు? కుక్కర్ కూత పెడితే లేచి పరిగెత్తాలి," అంది అమ్మమ్మ.

ఇక మీట నొక్కడమే మిగిలింది. ఇంటికొచ్చి, నొక్కబోతూ, అమ్మమ్మ ఆగింది. ఏదో వెలితి. వయసులో ఉన్నప్పుడు తెలుగు వారపత్రికలకు కథలు పంపిన చెయ్యి అది. వారపత్రికకు ఏం పంపినా చివర హామీపత్రం ఉండి తీరాలి. ఇది నా సొంత రచన, అనువాదమూ అనుకరణా కాదు, మరే పత్రిక పరిశీలనలోనూ లేదు అని రాసి, సంతకం పెట్టి, చిరునామా ఇవ్వాలి. అది లేకపోతే ఎడిటర్లు చదవకుండానే బుట్టదాఖలు చేస్తారు. పాపం గీతాంజలి చిన్నపిల్ల, ఆ సంగతి మరిచిపోయిందనుకుంది. వ్యాసం చివర ఒక పేజీ చేర్చి హామీ అంతా ఇంగ్లీషులో ఇచ్చి, ఇంటిపేరుతో సహా తన పూర్తి పేరు, తండ్రి పేరు, కాలేజీ పేరు, ఫ్లాట్ చిరునామా వేసి, కింద సంతకం అతికించింది. ఆ సంతకాన్ని స్కాన్ చేసి పెట్టింది భరద్వాజే. ఎందుకని అడిగే ఓపిక కూడా లేదు పాపం అతనికి.

వారం తిరక్కుండా వ్యాసం వెనక్కొచ్చింది. ఈమెయిల్ మొదటి వాక్యంలోనే, తిప్పి పంపుతున్నాం అని ఉంది. రెండో వాక్యం అమ్మమ్మ చదవలేదు. తిరుగుటపాలో వచ్చిన కవరు మందం చూసి, చింపకుండానే సంగతి గ్రహించిన కాలం మనిషి ఆమె. కంప్యూటర్ కట్టేసి వంకాయలు తరగడానికి వెళ్ళింది.

ఆ తరవాత నెలల తరబడి మధ్యాహ్నాలు నడుం వాల్చింది. నిద్ర మాత్రం పట్టేది కాదు. గీతాంజలికి చెప్పలేదు. మాస్టారికి ఫోన్ చేయడం మానేసింది. రాధ గుంటూరు నుంచి ఫోన్ చేసినప్పుడల్లా, స్నానంలో ఉన్నానని చెప్పమని కూతురికి సైగ చేసేది.

"ఎన్నిసార్లు స్నానం చేస్తావమ్మా, తోలూడుద్ది," అంది శ్రీలేఖ ఒకసారి ఫోన్ పెట్టేసి. "ఆయనకి నిజం చెప్పెయ్యరాదూ?"

"ఏమని చెప్పనే? మీ మాట అవతలివాళ్ళ చెవిన వెయ్యడం కూడా నా చేత కాలేదనా?"

శ్రీలేఖ వచ్చి పక్కన కూర్చుంది. తల్లి అలా మంచం అంచున కూలబడి అనడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

చివరికి ఒక ఆదివారం గీతాంజలే వచ్చింది. పరీక్షల పేపర్లు దిద్ది దిద్ది కళ్ళు పీక్కుపోయి, పప్పన్నం పెట్టమని వచ్చింది. తింటూ వ్యాసం సంగతి అడిగింది. తిరిగొచ్చిందే అంది అమ్మమ్మ, మజ్జిగ పోస్తూ. గీతాంజలి నమ్మలేదు. చెయ్యి కడుక్కుని ఆ ఈమెయిల్ తెరిపించి, రెండో వాక్యం చదివింది.

"ఆంటీ, ఇది రిజెక్ట్ చేసుడు కాదు. మీ పేరున్న పేజీ తీసేసి మళ్ల పంపుమన్నరు, గంతే. అసలు ఈ పేజీ ఎందుకు పెట్టిన్రు?"

"హామీపత్రం లేకుండా ఎట్లా పంపుతారే?"

"మీ నాయన పేరు గూడ రాసిన్రు. రేషన్ కార్డు నంబరొక్కటే తక్కువ."

శ్రీలేఖ సోఫాలో పడి నవ్వింది. అమ్మమ్మకు నవ్వు రాలేదు. మాస్టారు ఏళ్ళ తరబడి పేరు దాచుకుని రాస్తే, ఆయన గురించి రాస్తూ తాను ఇంటిపేరుతో సహా టముకు వేసుకుంది. ఆ ఇంటిపేరు చూసి ఎవరూ ఎప్పుడూ ఏదీ పక్కన పడెయ్యలేదు గనక, రాసేటప్పుడు చెయ్యి తడబడలేదు. అంతకంటే పెద్ద దిగులు ఇంకొకటి. చూపు పోయిన ముసలాయన దగ్గర ఇన్ని నెలలు తినేసింది. ఆయన దగ్గర అసలు మిగిలినవెన్ని?

ఆ మధ్యాహ్నమే పేజీ తీసేసి మళ్ళీ పంపారు. అక్కడి నుంచి ఎదురుచూపు. పిల్లలకు పరీక్షలై సెలవులొచ్చి, సెలవులై బడులు తెరిచాక జవాబు వచ్చింది. వేసుకుంటామనీ లేదు, వద్దనీ లేదు. చాలా మార్చి మళ్ళీ పంపండి, చూస్తాం అని ఉంది. పరిశీలించిన వాళ్ళిద్దరిలో మొదటి వ్యక్తి పేజీల కొద్దీ లోపాలు ఎంచారు. చదువుతుంటే అమ్మమ్మ భుజాలు ఒక్కో పేరాకీ కిందికి జారాయి. రెండో వ్యక్తి రాసింది కొంచెమే. దాన్ని మాత్రం అమ్మమ్మ మళ్ళీ మళ్ళీ చదివి, గుంటూరుకు ఫోన్ కలిపింది.

రాధ ఫోన్ తీసుకెళ్ళి తండ్రికి ఇచ్చింది. మాస్టారి గొంతు బాగా సన్నబడింది.

"ఏమ్మా వసుంధరా, స్నానం అయిందా?" అన్నారు.

అమ్మమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. తేరుకుని, మాస్టారూ జవాబొచ్చింది అంది. అంటూనే తెలుగు చేసి చదివింది. 'మమ్మల్ని చూస్తే చాలు, ఎవరమో తెలిసిపోతుందని ఈ మాస్టారు అంటారు. మా అందరి సంగతీ అది కాదు. మా అమ్మమ్మ చెల్లెలు చూడ్డానికి తెల్లగా ఉండేది. ఊరు మారి తెల్లవాళ్ళలో ఒకతెగా బతికింది. మీ వాళ్ళెవరని ఎవరైనా అడుగుతారేమోనని జీవితమంతా భయపడింది. ఆయన చెప్పిన ఆ అడిగే క్షణం మాకూ తెలుసు. వీలైతే ఈ మాట ఆయనకు చెప్పండి.'

వింటున్నారా అని అమ్మమ్మ అడిగింది.

"మళ్ళీ చదువు."

చదివింది.

"ఆవిడ మళ్ళీ తన వాళ్ళని కలుసుకుందంటా?"

"అది రాయలేదండీ. రాసిందెవరో కూడా మనకి తెలీదు. పేరు చెప్పరు."

"పేరెందుకు, మాట వచ్చిందిగా." ఆయన కాసేపు ఊపిరి తీసుకున్నారు. "అయితే నేను రాసింది సగం తప్పేనమ్మా. వాళ్ళకి తెలియదు అన్నానే, అది తప్పు. ఆ సంగతి కూడా వ్యాసంలో రాయి. నా పేరు పెట్టి రాయి, ఫలానా మారయ్య తప్పు ఒప్పుకున్నాడని."

"అంటే రెండో భాగం అంతా మళ్ళీ మొదటి నుంచి రాయాలి మాస్టారూ," అంది అమ్మమ్మ. ఆ గొంతులో అలసట దాచుకుందామన్నా దాగలేదు.

"రాయి మరి. ఆవిడ తన వాళ్ళని మళ్ళీ కలుసుకుందో లేదో అడగడం కూడా మరిచిపోకు. ఆవిడ సంగతి నాకు కావాలి."

ఫోన్ పెట్టేశాక అమ్మమ్మ వెన్ను వెనక ఒక దిండు దోపుకుని కంప్యూటర్ ముందు కూర్చుంది. శ్రీలేఖ భోజనానికి పిలిచింది. మీరు తినేయండి, నాకు కాస్త పనుంది అని, ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ రెండో భాగం మొదలుపెట్టింది.