యాదమ్మ ఫోన్లో పగిలిన అద్దం

రాయదుర్గంలో మా ఆఫీసు బడి పిల్లలకు వీడియో పాఠాలు తయారుచేస్తుంది. పాఠం మధ్యలో వీడియో ఆగి ప్రశ్న అడుగుతుంది, పిల్లలు జవాబు నొక్కాలి. నొక్కకపోతే "మీ పాప పాఠం మీద ధ్యాస పెట్టడం లేదు" అని ఇంటికి మెసేజ్ పోతుంది. ఆ మెసేజ్ రాసింది నేనే.

ఈ రోజు మధ్యాహ్నం మా ఫ్లోర్ ఊడ్చే యాదమ్మ తన ఫోన్ తెచ్చి చూపించింది. అదే మెసేజ్, వరసగా నాలుగు రోజులు.

"నిన్న బిడ్డను గట్టిగనే కొట్టిన మేడం. 'ఒత్తుతున్ననే అమ్మా, ఒత్తుతున్న' అనుకుంట ఏడ్సింది. అబద్ధమాడుతుందని ఇంకో రెండు ఏసిన."

పాఠం పెట్టి నేనే నొక్కి చూశాను. ఫోన్ అద్దం కిందివైపు పగిలిపోయి ఉంది, అక్కడ ఎంత నొక్కినా పనిచేయదు. జవాబు బటన్లన్నీ మేం పెట్టింది సరిగ్గా అక్కడే.

వెంటనే మా టీమ్ లీడ్‌కి చూపించాను. "అలాంటి ఫోన్లకి మనమేం చేస్తామండీ, కొత్తది కొనుక్కోమనండి" అని నవ్వాడు. ఒళ్లు మండిపోయింది. మేం టెస్ట్ చేసేది మా సొంత ఫోన్ల మీద. వాటి మీద చిన్న గీత కూడా ఉండదు మరి!

ఆ మెసేజ్ ఆపేదాకా ఇంకో పాఠం ముట్టుకోనని మొహం మీదే చెప్పి వచ్చేశాను.

మీకూ ఇలాంటి మెసేజ్‌లు వస్తుంటే కింద కామెంట్లలో రాయండి, రేపు అన్నీ అతని ముందు పెడతాను. పిల్లల్ని మాత్రం కొట్టకండి. ఏడుస్తూ చెప్పిన కూతురి మాట కాదని, ఆ తల్లి నా మెసేజ్‌ని నమ్మింది.