బెల్మీరు బావ రికార్డింగు పెట్టె

మా అక్క మొగుడు బెల్మీరు దేవుడిలాంటి మనిషని మా వీధిలో అందరూ అంటారు. నేను కాదనను. కానీ ఆ మాట విన్నప్పుడల్లా మూతి తిప్పుకుంటాను. దేవుడూ అంతేగా, పిలిచినప్పుడు పలకడు.

బావ బట్టల మిల్లులో మగ్గాలు బాగుచేస్తూ రిటైరయ్యాడు. భోజనంలోకి ఒక గ్లాసు వైను తప్ప ఏమీ ముట్టడు. స్క్రూడ్రైవరు లేకపోతే చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియని మనిషి. మా అక్క జుల్మీర అతనికి పూర్తిగా ఎదురు. మా మిన్యూ సీమ జాతర్లలో ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, చేతుల్లో నొక్కి వాయించే కాన్సర్టీనా మోగుతుండగా అప్పటికప్పుడు నాలుగు పాదాలు కట్టి ఒకరినొకరు దెప్పుకుంటూ పాడతారు. అక్క ముందు నిలిచి గెలిచిన మగాడు మా చుట్టుపక్కల లేడు. కట్టిన పాట మళ్ళీ పాడేది కాదు. ఇంట్లో పాడమంటే అసలే పాడదు. నిన్న పాడింది మళ్ళీ ఒక్కసారి అనవే అంటే, చేపలమ్ముకునే నన్ను పట్టుకుని "నిన్నటి చేప ఇవాళ అమ్ముతావా?" అనేది.

ఆ ఏడు వసంతంలో ఆమె గొంతులో గడ్డ బయటపడింది. ప్రాణానికి భయం లేదు గానీ, తీసేశాక గొంతు ఇలాగే ఉంటుందని మాటివ్వలేనన్నాడు డాక్టరు. ఆపరేషను ఆగస్టు చివర్లో. దానికి ముందు ఆదివారమే, ఊరూరా తిరిగి మధ్యాహ్నమంతా పాటలు చూపించే టీవీ కార్యక్రమం మా చర్చి ముందుకు వస్తోందని, అక్క పాడాలని కబురొచ్చింది.

"ఆ పాట నేను పట్టి దాస్తా" అన్నాడు బావ. నాకు కళ్ళు చెమర్చాయి. అదిగో, అక్కడే మోసపోయాను.

పాత క్యాసెట్ మెషీను అప్పటికే మూలన పడింది. ఆ ఏడే పాత సిగ్నల్ ఆపేసి కొత్తది పెట్టారు. దాన్ని అందుకోవడానికి టీవీకి ఒక పెట్టె తగిలించాలి. జనం గందరగోళం చూసి అమ్మేవాళ్ళు ఈగల్లా ముసిరారు. టై కట్టుకున్న ఒకడు, నెలనెలా చందా కట్టకపోతే టీవీ చచ్చిపోతుందని చెప్పి మా వీధి ముసలమ్మల చేత సంతకాలు పెట్టించుకున్నాడు. పచ్చి అబద్ధం. యాంటెన్నాకి ఉచితంగా వచ్చే నాలుగు ఛానెళ్ళూ ఎప్పటిలాగే వస్తున్నాయి. వాడు బావ దగ్గరికీ వచ్చాడు.

"చందా కడితే రికార్డింగు దానంతటదే అవుతుంది పెద్దాయనా. ఏడు రోజులు దాచిపెడుతుంది."

"ఎనిమిదో రోజు?"

"పోతుంది."

"నువ్వు ఇప్పుడే పో" అని తలుపేశాడు బావ. ఆ ఒక్క పనికి మాత్రం నేను ఈ రోజుకీ మెచ్చుకుంటాను.

మొదటి పెట్టె గురువారం సంతలో కొన్నాడు. రిమోటు మీద రికార్డింగుకి ఎర్ర బటన్ ఉంది కదా అని కొన్నాడు. ఎంత నొక్కినా ఉలకదు పలకదు. తిరిగి పట్టుకెళ్తే, సంతలోవాడు పళ్ళికిలించాడు.

"బటన్ అన్ని రిమోట్లకీ ఉంటుందండీ. పెట్టెలో ఆ పని ఉండాలిగా!"

నా తట్టలో మురిగిన సార్డీను చేప కూడా కొనేవాళ్ళకేసి అంత సిగ్గులేకుండా చూడదు.

రెండో పెట్టెకి పెన్‌డ్రైవ్ గుచ్చుకునే కన్నం ఉంది. రికార్డయింది. కానీ వాతావరణం చెప్పే పిల్ల నోరు మూసుకున్నాక మాట వినపడేది. పెన్‌డ్రైవ్ నెమ్మదిదని దుకాణంలో మార్చి ఇచ్చారు. సరే, దాన్ని తీసుకెళ్ళి మా ఇంట్లో పెట్టి చూస్తే బొమ్మే రాలేదు. దుకాణం వాడిని అడిగాం.

"ఏ పెట్టెతో తీస్తే ఆ పెట్టెలోనే ఆడుతుంది. తాళం వేసి ఉంటుంది లెండి."

"పెట్టె చెడిపోతే?" అన్నాడు బావ.

"అందులో తీసినవన్నీ పోయినట్టే."

మా అక్క పాటకి తాళం వెయ్యడానికి వీళ్ళెవరు? అక్కడే రెండు మాటలు అనేసి వచ్చాను.

మూడోది బ్రాగా పట్నంలో దొరికింది. డిస్కు లోపలే ఉంటుంది, తీసింది బయటికి కాపీ చేసుకోవచ్చు, తాళాల్లేవు. బావ దాన్ని చంటిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని బస్సులో తెచ్చాడు. ఇక ఆ వేసవంతా ఆ ఇల్లు ఇల్లు కాదు. యాంటెన్నా గొట్టం పొడుగు పెంచాడు, తీగలు మార్చాడు, వార్తలు రికార్డు చేసి మళ్ళీ అవే వార్తలు చూశాడు. ఒక్క లోపం మాత్రం పోలేదు. ఎండ మధ్యాహ్నాల్లో కొండవైపు నుంచి వచ్చే సిగ్నల్ తెగేది. తెగితే రికార్డింగు ఆగిపోయేది. ఎవరో ఒకరు మళ్ళీ నొక్కితే తప్ప మొదలయ్యేది కాదు.

అక్క ఆపరేషను సంచీ తనే సర్దుకుంది. భయంగా ఉందని ఒకసారి అతనితో అంది కూడా. "తెగకుండా చూస్తాలే" అన్నాడట, యాంటెన్నాకేసి చూస్తూ.

ఆదివారం నేను పిలవడానికి వెళ్తే, రిమోటు పట్టుకుని టీవీ ముందు కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"నేను రాలేను దెవొలిండా. తెగితే నొక్కాలి."

"చర్చి గంట ఇక్కడికి వినిపిస్తోంది బావా. అక్కడ పాడేది నీ పెళ్ళాం!"

"అందుకేగా!" అన్నాడు, నాకే బుర్ర లేనట్టు.

చర్చి ముందు ఇసకేస్తే రాలనంత జనం. నేను తోసుకుంటూ వేదిక అంచుకి చేరాను. నారింజరంగు కోటేసుకున్న వ్యాఖ్యాతకి మా వాళ్ళు పొగబెట్టిన మాంసం సాసేజీ దండలు మెళ్ళో వేస్తున్నారు. వాడు పాటకోసారి కెమెరా ముందుకొచ్చి, ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి, లక్షాధికారులైపోండి అని అరుస్తున్నాడు. ఫోన్ చేసిన ప్రతిసారీ వాళ్ళకే డబ్బు. పించను ముసలాళ్ళ జేబులు కొట్టడానికి చర్చి మెట్లే దొరికాయా వీళ్ళకి?

అక్క మొదట ఎదుటి పాటగాణ్ణి నాలుగు పాదాల్లో మట్టి కరిపించింది. ఆ తర్వాత జనంకేసి తిరిగింది. ఆమె కళ్ళు ఒక చివరనుంచి ఇంకో చివరకి వెతికాయి. పాట అందుకుంది:

"నా మొగుడికి వంక పెట్టను, బంగారంలాంటి మనిషి,
పెట్టెతోనే కాపురం, నాకు గోడే సాక్షి,
వెనకెక్కడో నక్కి ఉంటే ముందుకు రమ్మనండి..."

జనం గొల్లున నవ్వారు. సరిగ్గా అప్పుడు వ్యాఖ్యాత మైకులో నంబరు అందుకున్నాడు. అక్క మైకు తగ్గించేశారు. ఆమె ఆపలేదు. ఆఖరి పాదం వట్టి గొంతుతోనే పాడింది. వేదిక అంచున ఉన్న నాబోటి వాళ్ళకి వినపడింది, అంతే.

"గొంతు పోయేలోపు ఒక్కసారి నా పాట వినమనండి."

ఆపరేషను బాగానే జరిగింది. గొంతు మాత్రం పోయింది. ఇప్పుడు వచ్చేది బొంగురు గుసగుస. ఇంటికొచ్చిన వారానికి బావ మమ్మల్ని కూర్చోబెట్టి పాట పెట్టాడు. బొమ్మ అద్దంలా ఉంది, ఎక్కడా తెగలేదు. అక్క కళ్ళు జనంలో వెతకడం ఎంత స్పష్టంగా కనిపించిందో! ఆ తర్వాత నారింజ కోటు గాడి గొంతు. అక్క పెదవులు కదులుతున్నాయి. ఆమె బొమ్మకి అడ్డంగా ఫోన్ నంబరు.

"ఆఖర్న ఏమన్నావే?" అన్నాడు బావ.

"గుర్తు లేదు" అంది అక్క.

నాకు ఒళ్ళు మండిపోయింది. మొహం మీద చెప్పేద్దామని నోరు తెరిచాను. బల్లకింద అక్క నా తొడ గిల్లింది. చర్మం ఊడొచ్చేలా గిల్లింది.

"నువ్వు వేదిక ముందే ఉన్నావుగా దెవొలిండా, నీకు వినపడలేదూ?"

"నీ పెట్టెనడుగు బావా" అన్నాను.

అడుగుతూనే ఉన్నాడు. పెద్ద స్పీకర్లు కొన్నాడు, చెవులకి పెట్టుకునేవి కొన్నాడు, వ్యాఖ్యాత గొంతు తీసేసే యంత్రం ఎక్కడైనా దొరుకుతుందా అని పోర్తో పట్నం దాకా వెళ్ళొచ్చాడు. నిన్న, మిగిలిన చేపలు ఇద్దామని వెళ్ళాను. బావ టీవీకి చెవి ఆనించి కూర్చున్నాడు. వంటగదిలోంచి అక్క పిలుస్తోంది, ఉన్న ఆ కాస్త గొంతుతోనే, సూపు చల్లారిపోతోందని. ఒకసారి పిలిచింది. రెండోసారి పిలిచింది.

బావ వెనక్కి తిరక్కుండానే చెయ్యెత్తాడు.

"అబ్బ, ఉండవే జుల్మీరా! నీ పాట వింటున్నాను."