అక్క ఆపమంటే సినిమా ఆపిన మావయ్య

మంగళవారం పొద్దున మా వీడియో మావయ్య పోయాడని ఫోను వచ్చింది. నేను అప్పుడు కల్లంలో మిరపకాయల మీద కప్పిన పట్టాలు తీస్తున్నాను. వెంటనే ఊళ్లోకి వెళ్లి కనపడిన వాళ్లందరికీ చెప్పాను. ఒక్కడు నమ్మితే ఒట్టు.

"ఏరా, చావు మీద కూడానా నీ వేషాలు?" అన్నాడొకడు.

"పోయినేడు మంత్రిగారు వస్తున్నారని చెప్పి సర్పంచి చేత ఇస్త్రీ చొక్కా తొడిగించావు. ఇప్పుడిదా?" అన్నాడు ఇంకొకడు.

చివరికి మా అక్క నా మొహం వంక చూసి, చేతిలో చీపురు కింద పెట్టేసింది. "నిజమే, వాడి మొహం చూడండి" అంది. అప్పుడు నమ్మారు. నిద్రలోనే పోయాడట. మనిషి బతికినంత కాలం ఎవరినీ తొందర పెట్టలేదు. పోయేటప్పుడు కూడా ఎవరినీ కంగారు పెట్టలేదు.

ఆయన మాకు ఏ రకంగానూ చుట్టం కాదు. చిలకలూరిపేటలో నమాజు చేసుకునే ఇంటి మనిషి, మేమేమో శనివారాలు ఉపవాసం ఉండేవాళ్లం. అయినా ఈ చుట్టుపక్కల ఊళ్లలో ఆయన వీడియో తీయని పెళ్లి లేదు కాబట్టి పెళ్లికూతుళ్లందరికీ మావయ్య అయ్యాడు, తర్వాత ఊరందరికీ అయ్యాడు. తలంబ్రాల దగ్గర పంతులుగారు తొందరపడితే, "అయ్యా, అమ్మాయి ఇంకా నవ్వలేదు, ఒక్క నిమిషం" అని పంతులుగారినే ఆపే మనిషి.

అలాంటాయన ఒక ఏడు కెమెరా పట్టుకుని మా చేలోకి వచ్చాడు. "మిరప మీద డాక్యుమెంటరీ తీస్తా" అన్నాడు. తొమ్మిదో తరగతి నాతో వేగలేక నన్ను వదిలేసింది కాబట్టి ఆ మాటకి నాకు తెలిసిన అర్థం ఒకటే: సినిమా హాల్లో అసలు బొమ్మకి ముందు వేసేది, ఆ టైములో జనం పాప్‌కార్న్‌కి వెళ్లేది.

"అందులో హీరో ఎవరు మావయ్యా?"

"ఎవరు ఓపిగ్గా పని చేసుకుంటుంటే వాళ్లు."

"అయితే నేను కాదన్నమాట."

"నువ్వు విలనుగా కూడా పనికిరావురా. ఒక చోట నిలబడవు."

నేను ఊరుకుంటానా? కోతకి వచ్చే ఆడవాళ్లందరికీ, రేపు టీవీలో వస్తారు, బాగా తయారై రండి అని చెప్పి పెట్టాను. తెల్లారి చూస్తే మిరప చేలో పట్టుచీరలు, కనకాంబరాలు! మా వాళ్లు ఎరిగిన వీడియో కెమెరా పెళ్లి కెమెరా ఒక్కటే. మావయ్య కెమెరా అటు తిప్పగానే అందరూ కాయ కోయడం ఆపేసి, దండ వేయించుకునేటప్పుడు నిలబడ్డట్టు తలలు కాస్త వంచి, నవ్వుతూ నిలబడ్డారు. ఒక ముసలమ్మ అయితే అక్షింతలు వేస్తున్నట్టు చెయ్యి కూడా ఎత్తింది.

ఆయనకి కోపం వస్తుందని నేను గట్టు చాటున ఎదురుచూస్తున్నాను. ఆయన పొద్దుగూకేదాకా వాళ్లని అలాగే తీశాడు. సినిమా పూర్తయ్యాక చూస్తే మొదటి బొమ్మే అది.

"అది నా వేషం కదా మావయ్యా, అబద్ధం కదా!" అన్నాను.

"కెమెరా వస్తే మీ ఊరు పట్టుచీర కట్టుద్ది. అది అబద్ధం ఎట్టా అయ్యిద్ది? మా పక్క ఊళ్లో అయితే ఇళ్లల్లోకి పోయి తలుపేసుకుంటారు" అన్నాడు.

తర్వాత కెమెరాని మూడు కాళ్ల మీద గట్టున నిలబెట్టి, తీయకుండా ఊరికే టీ తాగుతూ కూర్చునేవాడు. అదేం పని అంటే, "మీకు దీని మీద విసుగు పుట్టాలి. నేను ఉన్నానని మర్చిపోవాలి. అప్పుడు మొదలెడతా" అనేవాడు. పశువులు ముందు మర్చిపోయాయి, ఆడవాళ్లు తర్వాత మర్చిపోయారు. ఆఖరికి మిగిలింది నేనే.

నల్ల తామర పురుగు మా చేలని తినేసిన ఏడు, ఆయన కెమెరా ముందుకి నేనే వెళ్లాను. తల మీద తువ్వాలు వేసుకుని, గుండె బాదుకుని, సినిమాల్లో చూసిన ఏడుపంతా ఏడ్చాను. అయిపోయింది. "కట్ చెయ్యి మావయ్యా" అన్నాను. ఆయన చెయ్యలేదు. నాకు ఏం చెయ్యాలో తోచక, పక్కనున్న పూత విప్పి చూసి, పురుగుని గోటితో నలిపి, "నీ తస్సాదియ్యా, పువ్వు పూయనిస్తే ఏం పోయిందే నీకు" అని దాన్ని తిట్టుకుంటూ మొక్క వెంట మొక్క చూసుకుంటూ వెళ్లిపోయాను. ఏడుపంతా పారేసి ఆ తిట్టు ఒక్కటి ఉంచాడు. ఇప్పటికీ జనం అక్కడ నవ్వుతారు. మనిషి నటన అయిపోయిన తర్వాత ఏం చేస్తాడో చూడటానికే ఆయన కెమెరా అన్న సంగతి నాకు ఆ రోజు కాస్త అర్థమైంది.

ఇక మా అక్క సంగతి. బావ పోయాక అక్క కౌలుకి చేను తీసుకుని తనే మిరప వేసింది. బావ పోయిన కొత్తలో ఒక టీవీ వాళ్లు వచ్చి, మైకు నోట్లో పెట్టినంత పని చేసి, ఇప్పుడు మీకు ఏమనిపిస్తోంది అని అడిగారు. ఏమనిపిస్తుంది? ఏడ్చింది. ఆ ఏడుపు టీవీలో రోజంతా తిరిగింది. ఆ తర్వాత బస్సు ఎక్కినా, మిరప యార్డుకి వెళ్లినా, "ఈవిడ ఆ టీవీలో ఏడ్చినావిడ కదూ" అనేవాళ్లు. తన చేను గురించి ఎవరూ అడిగేవారు కాదు.

మావయ్య ఒక పంట కాలమంతా అక్క వెంట తిరిగాడు. ఏమీ అడగలేదు. ఒక మధ్యాహ్నం కాయలు తిరగేస్తూ తనంతట తనే బావ గురించి మాట్లాడింది, మాట్లాడుతూ ఏడ్చింది. ఆ ముక్క నేను చూశాను. నాలాంటి మొద్దు మొహానికే కళ్లు చెమర్చాయి. హైదరాబాదులో సినిమా పండగ జరిపే వాళ్లకి చూపిస్తే, ఈ సినిమాకి ప్రాణం ఇదే, తప్పకుండా వేస్తామన్నారట. మావయ్య పేటంతా కాలరెత్తుకుని తిరిగాడు.

కానీ ఆయనకి ఒక పద్ధతి ఉంది. ఎక్కడైనా జనానికి వేసే ముందు, ఎవరి గురించి తీశాడో వాళ్లకే చూపించాలి, అదీ వాళ్ల చోటులోనే. సినిమాలో ఉన్నవాళ్లు ఎవరైనా సరే చెయ్యి ఎత్తి ఆపమనొచ్చు. తెల్ల పంచెలు పక్కపక్కన కుట్టి మా కల్లంలో రెండు రాటల మధ్య కట్టాడు. ఒక పక్క మిరప రాశి, ఇంకో పక్క జనం. అక్క ఏడ్చే చోటు వచ్చింది. కల్లమంతా ముక్కులు చీదుతోంది. అక్క లేచి నిలబడింది.

"ఆపు మావయ్యా."

ఆపాడు.

"అది తీసెయ్యి."

నేను ఊరుకోలేక, "ఒసే అక్కా, అదే కదే బాగుంది! ఊరంతా ఏడుస్తుంటే" అన్నాను.

"నువ్వు ఏడువురా, నీకు బాగా వచ్చుగా" అంది. అందరూ నవ్వారు. తను నవ్వలేదు. "నేను ఏడ్చింది అబద్ధం కాదు మావయ్యా. అయితే ఒకసారి నన్ను ఏడ్చినావిడని చేసి వదిలారు. ఇప్పుడు నువ్వు కూడా అదే చేస్తే, ఇక నా బతుకంతా నేను అదే."

మావయ్య తల గోక్కున్నాడు. ఆయన దేవుడేమీ కాదు, బాధపడ్డాడు. "అమ్మాయ్, అది తీసేస్తే సినిమా కుంటుద్ది" అన్నాడు.

"కుంటనీ. నేను నిలబడాలిగా."

ఆయన ఒకసారి ఆ ఆగిపోయిన బొమ్మ వంక చూశాడు. తర్వాత, "మరి ఆ చోట ఏం పెట్టమంటావు?" అని అడిగాడు. జీవితంలో మా అక్కని ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆయనే అనుకుంటాను.

"రేపు కాయ ఎండిందో లేదో చూస్తా. వచ్చి తీసుకో" అంది.

ఆ ముక్క తీసేశాక హైదరాబాదు వాళ్లు మాట మార్చారు. వచ్చే ఏడు చూద్దాం అన్నారు. నేను వాళ్లని నాకు తెలిసిన తిట్లన్నీ తిట్టాను. మావయ్య మాత్రం, "మనుషులు ఇచ్చినంతే మనదిరా. కెమెరాకి దొరికిందల్లా మనది కాదు" అన్నాడు. అంత పెద్ద మాట అని, వెంటనే టీలో చక్కెర తక్కువైందని గొడవ పెట్టుకున్నాడు.

ఆ తర్వాత ఆయన ఆ సినిమాని తన బండి మీద వేసుకుని పర్చూరు వైపు, ప్రత్తిపాడు వైపు ఊరూరా తిరిగి చూపించాడు. నేను ఆ పంచెల మూట పట్టుకుని వెనక కూర్చునేవాణ్ని. కొన్ని ఊళ్లలో సినిమా అయ్యాక కౌలు చేసే ఆడవాళ్లు వచ్చి, "మా చేనుకి ఎప్పుడొస్తారు?" అని అడిగేవాళ్లు. ఏడుపు తీస్తారా అని ఎవరూ అడగలేదు. ఆయన మొహం అప్పుడు చూడాలి మీరు. ఏ పండగ వాళ్లు ఇచ్చే బిళ్ల కంటే ఎక్కువ వెలిగేది.

పేట కబరస్తాన్‌లో ఆయన మీద మేమూ పిడికెడు మట్టి వేసి వచ్చాం. ఆదివారం సాయంత్రం కల్లంలో సినిమా వేశాం. నాకు బొమ్మ వేసే మిషను నడపడం ఆయనే నేర్పాడు కాబట్టి నేనే నడిపాను. ఈసారి ఎవరూ నన్ను అనుమానించలేదు. పక్క ఊరి నుంచి వచ్చిన కొత్త కోడలు ఒకమ్మాయి, ముందు వరసలో కూర్చున్న మా అక్కని చూపించి, "ఎవరావిడ?" అని అడిగింది. పక్కనున్న ముసలమ్మ, "కాయ ఎండే పాకం తెలిసినావిడ. ఆవిడ చేను ఈ ఏడు చూడాల్సిందే" అంది. అక్క విననట్టే కూర్చుంది. వింది.

ఎదురుగా పంచెల మీద ఆ ముక్క వచ్చింది. ఎండలో అక్క ఒంగి, రాశిలోంచి ఒక కాయ తీసి, చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తుంది. ఎండిన కాయ అయితే లోపల గింజలు గలగలమంటాయి. మావయ్య అక్కడ పాట పెట్టలేదు, మాట పెట్టలేదు. పైరగాలికి పంచెలు కాస్త ఉబ్బితే, వాటి మీద అక్క చెంప కూడా ఉబ్బింది. కళ్లు సగం మూసి, ఆవిడ ఇంకా వింటూనే ఉంది. ఆవిడతో పాటు, తలలు కాస్త పక్కకి వంచి, కల్లమంతా వింటోంది.