కళింగపట్నంలో ముగ్గేసిన పడవ

ఫొటోల్లోంచి వస్తువుల ఆకారాన్ని కంప్యూటర్లో తిరిగి కట్టడం నా పరిశోధన. చుట్టూ తిరిగి వందల ఫొటోలు తీస్తే, వాటిలో ఒకే మచ్చ, ఒకే గీత ఎక్కడెక్కడ ఉందో అల్గారిథం వెతికి జతచేస్తుంది. విజయనగరంలో నా దగ్గర ప్రాజెక్టు చేస్తున్న గౌరి ఒకరోజు మెల్లగా అడిగింది. "మేడమ్, మా తాత కట్టిన పడవ పుచ్చిపోనాది. ఆదివారం పొద్దున్న నాన్న కోయించేస్తన్నాడు. దాన్ని మీ కంప్యూటర్లో దాస్తారేటి?" పడవల గురించి నాకేమీ తెలియదు. అయినా కాదనలేకపోయాను.

శనివారం తెల్లవారుతుండగా ఇద్దరం శ్రీకాకుళం బస్సెక్కాం. గంటన్నర ప్రయాణం. అక్కడి నుంచి కళింగపట్నానికి బస్సులున్నా, ఆగే ఓపిక లేక గార మీదుగా షేర్ ఆటోలో వెళ్లాం, మనిషికి యాభై రూపాయలు. పొలాల మీద మంచు ఇంకా కదల్లేదు. కొబ్బరిచెట్లు దగ్గరికొచ్చాకే కనిపించి, మళ్లీ తెల్లదనంలోకి పోతున్నాయి. నేను ఇంకా నిద్రలోనే ఉన్నానేమో అనిపించింది. డ్రైవర్ నా ట్రైపాడ్ చూసి, "సినిమావోలేటమ్మా?" అన్నాడు. పడవను ఫొటో తీయడానికన్నాను. "పడవనేటి, మమ్మల్ని తియ్యండి," అని నవ్వాడు.

వంశధార సముద్రంలో కలిసేచోట ఏది నదో, ఏది సముద్రమో, ఏది ఆకాశమో తెలియలేదు. ఎండుచేపల వాసన వస్తేనే ఊరొచ్చిందని నమ్మాను. గౌరి నాన్న ఎర్రయ్య ఇసుక మీద పడవ పక్కనే నిలబడి ఉన్నాడు. పడవను చూడగానే నా ప్రాణం ఉసూరుమంది. అది మిలమిలా మెరుస్తోంది. ఫొటో తీసే మనిషి వస్తోందని పొద్దున్నే కడిగి, నూనె పట్టించి, పసుపు పూసి, బొట్లు పెట్టారు.

"ఆడపిల్లని సాగనంపినట్టు తయారుసేసినామమ్మా," అంది గౌరి తల్లి నీలమ్మ.

మెరిసే చెక్కతో చిక్కేమిటంటే, నేను ఒకడుగు జరిగితే మెరుపూ జరుగుతుంది. అల్గారిథానికి పట్టు దొరకదు. అయినా ఒక చుట్టు తిరిగి ఫొటోలు తీసి, లాప్‌టాప్‌లో వేసి చూశాను. తెరమీద పడవ లేదు, మబ్బు తునకల్లాంటివేవో తేలుతున్నాయి. తెల్లారితే రంపాలొస్తాయి. గౌరి ముఖం చూడలేకపోయాను.

"చెక్క మీద చుక్కలేమైనా ఉంటే కంప్యూటర్ పట్టుకునేది, పిన్నీ," అన్నాను.

"సుక్కలేనా? ఆ మాట ముందే సెప్పొచ్చు కదే తల్లీ," అని నీలమ్మ లోపలికెళ్లి ముగ్గుపిండి తెచ్చింది. ఇరుగుపొరుగు ఆడవాళ్లూ వచ్చారు. ఎవరికొచ్చిన ముగ్గు వాళ్లు వేశారు. నూనెకు పిండి అంటుకుని మెరుపు చచ్చింది. ఒక ముగ్గులా ఇంకొకటి లేదు, నాకు కావలసిందీ అదే. నీడ తిరిగేదాకా ఫొటోలు తీశాను. మధ్యలో నీలమ్మ పెట్టిన చేపల పులుసు అన్నం తిని డబ్బులివ్వబోతే చీవాట్లు తిన్నాను.

సాయంత్రానికి తెరమీద చుక్కలు ఒక్కొక్కటే పొడిచాయి. అవి దగ్గరై చెక్కలయ్యాయి, చెక్కలు పడవయ్యాయి. నీళ్లు లేనిచోట, ముగ్గులతో, అది నెమ్మదిగా తిరుగుతోంది. ఎర్రయ్య తెరవైపు వేలు చాపి, ముట్టుకోకుండానే వెనక్కి తీసుకున్నాడు. పడవ పక్కకు ఒరిగినప్పుడు అడుగున పెద్ద ఖాళీ కనిపించింది.

"అడుగు రాలేదు బాబాయ్. ఇసుకలో ఉంది కదా, కెమెరాకి అందలేదు," అన్నాను.

"మా అయ్య ఆకరికి ఏసిన అతుకు అక్కడే ఉన్నాది," అన్నాడు ఎర్రయ్య. చాలాసేపు చూశాడు. "పోన్లేమ్మా. అది నాకాడ ఉంటాది."

మీరూ ఇలాంటి పనిమీద వెళ్తుంటే, ముందురోజే ఫోన్ చేసి దేన్నీ కడగొద్దని, నూనె రాయొద్దని చెప్పండి. ఇక నా సంగతి. కెమెరా చూడనిచోట ఏముండి ఉంటుందో ఊహించి పూడ్చే ప్రోగ్రామ్ నేనే రాశాను, దానిమీద నాకు కాస్త గర్వం కూడా ఉంది. ఎర్రయ్య పడవ మీద మాత్రం దాన్ని నడపలేదు.